ఫిరాయింపు కేసు స్పీకర్ చేతిలో ఎందుకు?

ఒక పార్టీ బీఫారంతో గెలిచి, ఏడాది తిరగకముందే ఇంకో పార్టీ కండువా కప్పించుకుని, ఆ ఫొటో అన్ని పేపర్లలో వచ్చాక కూడా "నేను పార్టీ మారలేదు" అనే ఎమ్మెల్యేలను మన రెండు రాష్ట్రాల్లో చూడనివాళ్లు లేరు. వాళ్ల మీద అందరికీ కోపం ఉంది. నా కోపం మాత్రం వాళ్ల కంటే, వాళ్ల మీద పిటిషన్ వస్తే ఏళ్ల తరబడి పక్కన పెట్టుకునే అధికారం ఉన్న స్పీకర్ కుర్చీ మీద.

1967 తర్వాత రాష్ట్రాల్లో గోడ దూకుళ్లు హద్దు దాటాయి. హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారితే "ఆయారామ్ గయారామ్" అనే మాట పుట్టింది. చివరికి 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ చేర్చారు. పార్టీ వదిలినా, విప్ (సభలో ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించినా పదవి పోవాలి అన్నారు. బాగానే ఉంది. కానీ పదవి పోయిందో లేదో తేల్చే పని స్పీకర్‌కి అప్పగించి, ఎన్నాళ్లలో తేల్చాలో మాత్రం రాయలేదు. ఆ ఒక్క ఖాళీలోంచే నలభై ఏళ్లుగా ప్రభుత్వాలు దూరిపోతున్నాయి.

మన దగ్గర జరిగిందే చూడండి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 67 సీట్లు గెలిచిన వైసీపీ నుంచి 23 మంది టీడీపీలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు. సభ గడువు ముగిసేదాకా ఒక్కరి మీదా అనర్హత వేటు పడలేదు. తెలంగాణలో టీడీపీ టికెట్ మీద గెలిచిన ఎమ్మెల్యే 2014 డిసెంబర్‌కల్లా టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి. 2019 జూన్‌లో కాంగ్రెస్‌కి మిగిలిన 18 మందిలో 12 మంది, అనర్హత తగలకుండా తమ శాసనసభాపక్షాన్ని టీఆర్ఎస్‌లో విలీనం చేయమని స్పీకర్‌ని అడిగితే, సరేనంటూ అదే రోజు బులెటిన్ వచ్చేసింది. ఫిరాయింపు పిటిషన్‌కి ఏళ్లు చాలవు, విలీనం లేఖకి ఒక పూట చాలింది! అప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని గొంతు చించుకున్న కాంగ్రెస్, 2023లో అధికారంలోకి రాగానే బీఆర్ఎస్ నుంచి వచ్చిన పదిమందిని తలుపులు తీసి ఆహ్వానించింది. ఇప్పుడు అరవడం బీఆర్ఎస్ వంతు. నేను ఏ పార్టీ వైపూ ఈ పోస్ట్ రాయడం లేదు, ఇందులో తప్పు చేయని పార్టీ ఏదో చెప్పమంటే నాకు దొరకడం లేదు.

ఊళ్లో గట్టు తగాదా వస్తే ఒక పక్షం వాళ్ల వియ్యంకుడిని తీసుకొచ్చి పెద్దమనిషిగా కూర్చోబెడితే మనం ఒప్పుకుంటామా? స్పీకర్ ఆ కుర్చీలోకి వచ్చేది అధికార పార్టీ మెజారిటీతో. అందులో ఉండేదీ అదే మెజారిటీ దయతో. వచ్చే ఎన్నికలకి టికెట్ అడగాల్సిందీ ఆ పార్టీనే. అలాంటి మనిషిని, "నీ ప్రభుత్వానికి బలం పెంచిన ఈ పదిమందిని ఇంటికి పంపు" అని అడుగుతున్నాం. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాత. ఆ స్థితిలో కూర్చోబెట్టడమే తప్పు.

స్పీకర్ అంటే మొదటి నుంచీ ఇలాగే లేదు. 1642 జనవరి 4న ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ సైనికులను వెంటేసుకుని కామన్స్ సభలోకే (మన లోక్‌సభ లాంటిది) వచ్చాడు, ఐదుగురు సభ్యులను అరెస్ట్ చేయడానికి. వాళ్లెక్కడ అని స్పీకర్ విలియం లెంథాల్‌ని అడిగాడు. లెంథాల్ మోకాళ్ల మీద కూర్చుని, ఈ సభ ఆదేశిస్తే తప్ప ఇక్కడ నాకు చూడటానికి కళ్లూ లేవు, మాట్లాడటానికి నాలుకా లేదు అన్నాడు. అంతకుముందు స్పీకర్లుగా చేసినవాళ్లలో తలలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, థామస్ మోర్ వాళ్లలో ఒకడు. ఆ సంగతి తెలిసి కూడా రాజు ముందు ఆ మాట అన్నాడు. ఇప్పుడు అక్కడ స్పీకర్ అయినవాళ్లు పార్టీకి రాజీనామా చేస్తారు, ఎన్నికల్లో పెద్ద పార్టీలు మామూలుగా వాళ్ల మీద పోటీ పెట్టవు. ఇంకో సంగతి కూడా ఉంది. బ్రిటన్‌లో ఫిరాయింపుల చట్టమే లేదు, కాబట్టి అక్కడి స్పీకర్ ఈ తీర్పులు చెప్పాల్సిన పనే లేదు. మనం ఆ కుర్చీని తెచ్చుకుని, దాని కాపుదలలు వదిలేసి, అక్కడ లేని బరువు ఒకటి దాని మీద పెట్టాం.

మనకీ మంచి స్పీకర్లు ఉన్నారు. 1925లో కేంద్ర శాసనసభకు అధ్యక్షుడైన విఠల్‌భాయ్ పటేల్ స్వరాజ్ పార్టీ వదిలేసి ఆ కుర్చీలో కూర్చున్నారు. 1928లో పబ్లిక్ సేఫ్టీ బిల్లు మీద ఓట్లు సమానంగా వస్తే, తన ఓటు బ్రిటిష్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా వేసి బిల్లుని ఓడించారు. మన నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే కాంగ్రెస్‌కి రాజీనామా చేశారు. రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా, పార్టీకి జాతీయ అధ్యక్షుడిగా చేసిన మనిషి!

ఇక లోక్‌సభ స్పీకర్‌గా చేసిన అమలాపురం బాలయోగి గారు. ఆయన గురించి రాస్తుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షకి నిలబడింది. బాలయోగి గారి పార్టీ టీడీపీ ఆ ప్రభుత్వాన్ని బయటి నుంచి సమర్థిస్తోంది. కాంగ్రెస్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, కానీ లోక్‌సభకి ఇంకా రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయవచ్చా అని సభలో గొడవ. వేయకూడదని స్పీకర్ ఒక్క మాట అంటే ఆ రోజు కథ వేరే. బాలయోగి గారు అది గమాంగ్ విచక్షణకే వదిలేశారు. గమాంగ్ వ్యతిరేకంగా ఓటేశారు. 269కి 270, ఒక్క ఓటుతో కేంద్ర ప్రభుత్వం పడిపోయింది. ఆ నిర్ణయం సరైందా కాదా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. సొంత పార్టీ కోసం చేశారని మాత్రం ఎవరూ అనలేరు. మళ్లీ ఎన్నికలయ్యాక వాజ్‌పేయి తిరిగి ప్రధాని అయినప్పుడు, ఆయన్నే మళ్లీ ఏకగ్రీవంగా స్పీకర్‌ని చేశారు.

కానీ ప్రతిసారీ ఒక బాలయోగి దొరుకుతారని నమ్మి చట్టం రాయకూడదు కదా. ఈ మాట సుప్రీంకోర్టులో ఎప్పుడో వచ్చింది. పదో షెడ్యూల్ చెల్లుతుందా అని వేసిన కిహోటో హోలోహాన్ కేసులో, 1992లో, ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు స్పీకర్‌కి ఈ అధికారం ఉండొచ్చన్నారు. మిగతా ఇద్దరు ఒప్పుకోలేదు. సభలో మెజారిటీ మీద ఆధారపడి పదవిలో ఉండే వ్యక్తి స్వతంత్రంగా తీర్పు చెప్పలేడన్నారు. ఆ ఇద్దరు చెప్పిందే నిజమైంది. మణిపూర్‌లో 2017లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచి బీజేపీ ప్రభుత్వంలో మంత్రి అయిన ఒకాయన మీద వేసిన పిటిషన్ స్పీకర్ దగ్గర మూడేళ్లు నానితే, 2020లో సుప్రీంకోర్టే ఆయన్ని మంత్రివర్గం నుంచి తీసేయాల్సి వచ్చింది. ఈ పనికి శాశ్వత ట్రిబ్యునల్ పెట్టే ఆలోచన చేయమని పార్లమెంటుకి చెప్పిందీ ఆ కేసులోనే. 2025 జూలై 31న తెలంగాణ పదిమంది ఎమ్మెల్యేల కేసులో స్పీకర్‌కి మూడు నెలల గడువు పెట్టి, ఈ పద్ధతి పనిచేస్తోందో లేదో పార్లమెంటే ఆలోచించుకోవాలని మళ్లీ చెప్పింది. ఒక ఫైల్ కదలడానికి ప్రతిసారీ ఢిల్లీ వెళ్లి సుప్రీంకోర్టు తలుపు తట్టాలా?

అసలు దారి మన రాజ్యాంగంలోనే ఉంది. లాభదాయక పదవి (ప్రభుత్వం కింద లాభం వచ్చే పదవి) లాంటి కారణాలతో ఎమ్మెల్యే అనర్హుడా అన్న ప్రశ్న వస్తే, 192వ అధికరణం ప్రకారం గవర్నర్ ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని, దాని ప్రకారమే నిర్ణయించాలి. ఎంపీల విషయంలో రాష్ట్రపతి, 103వ అధికరణం. ఫిరాయింపుని కూడా అదే దారిలో పెట్టమని ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది. ఒక అనర్హతకి బయటివాళ్లు కావాలి, ఇంకో అనర్హతకి ఇంటివాడే చాలు అనడంలో ఏం న్యాయం ఉందో నాకు అర్థం కాదు.

ఈ పని స్పీకర్ చేతిలోంచి తీసేస్తే సభ గౌరవం తగ్గుతుందని కొందరు అంటారు. తీర్పు కోసం ఎదురుచూస్తూ సభ గడువే అయిపోతే మిగిలే గౌరవం ఏంటో వాళ్లే చెప్పాలి. ఈ చట్టం సభ్యుల నోరు కూడా కట్టేస్తోందన్న విమర్శ ఉంది, అందులో నిజం ఉంది. విప్ ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నది వేరే పెద్ద చర్చ.

పదో షెడ్యూల్ మార్చడానికి రాజ్యాంగ సవరణ కావాలి, దానికి టైం పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ స్పీకర్ అయిన రోజే పార్టీకి రాజీనామా చేయడానికి ఏ సవరణా అక్కర్లేదు. సంజీవరెడ్డి గారికి 1967లో ఏ చట్టమూ అడ్డం రాలేదు, ఏ చట్టమూ చెప్పలేదు. మన రెండు అసెంబ్లీల్లో ఈసారి స్పీకర్ పేరు ప్రతిపాదించే ముఖ్యమంత్రి, బలపరిచే ప్రతిపక్ష నేత, ఇద్దరూ ఆ రాజీనామా లేఖ సభ ముందు పెట్టాకే ఓటింగ్ అనాలి. వచ్చే ఎన్నికల్లో ఆయన మీద అభ్యర్థిని నిలబెట్టం అని అదే రోజు సభలోనే రెండు వైపులా మాట ఇవ్వాలి.