హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే ర్యాంకు తెచ్చిపెట్టదు

సైట్‌కీ సందర్శకుడికీ మధ్య డేటాను గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్‌కి (పాత హెచ్‌టీటీపీకి భద్రమైన రూపం) మారితే గూగుల్ సెర్చ్‌లో ర్యాంకు దానంతటదే పెరుగుతుందని కొందరు రాస్తుంటారు. 2014 ఆగస్టులో దాన్ని ర్యాంకింగ్ సంకేతంగా ప్రకటించినప్పుడే, దాని ప్రభావం చాలా స్వల్పమని గూగుల్ చెప్పింది. పైగా మార్పు సరిగ్గా చేయకపోతే ఉన్న ట్రాఫిక్ కూడా పోతుంది.

ఎక్కువగా తప్పు జరిగేది రీడైరెక్టుల దగ్గరే, అంటే పాత చిరునామాకి వచ్చినవాళ్లను కొత్తదానికి మళ్లించే చోట. పాత పేజీలన్నిటినీ గంపగుత్తగా హోమ్ పేజీకి మళ్లిస్తారు. గూగుల్ వాటిని సాఫ్ట్ 404గా, అంటే అసలు లేని పేజీలుగా లెక్కేస్తుంది. ప్రతి పేజీ దాని కొత్త చిరునామాకే, 301తో (శాశ్వత మళ్లింపు కోడ్), ఒకే గెంతులో చేరాలి. పేజీ అసలు చిరునామా ఏదో గూగుల్‌కి చెప్పే కానానికల్ ట్యాగ్ ఇంకా పాత హెచ్‌టీటీపీనే చూపిస్తుంటే ఆ ట్యాగ్, రీడైరెక్టు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల జాబితా), లోపలి లింకుల్లోనూ కొత్త చిరునామాలే ఉండాలి. హెచ్‌టీటీపీఎస్‌కి కావలసిన సర్టిఫికెట్‌ను ఉచితంగా ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్; దాని సర్టిఫికెట్ గడువు మహా అయితే 90 రోజులే. ఆటో రెన్యువల్ పెట్టకుండా వదిలేస్తే ఏదో ఒక ఉదయం సందర్శకులకు ఎర్ర హెచ్చరిక కనిపిస్తుంది.

ఇక భద్రత. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సైట్ హ్యాక్ కాదనుకోవడం భ్రమ. అది దారిలో వెళ్లే డేటాను కాపాడుతుంది, సైట్‌లో పాతబడిన ప్లగిన్‌ను (అదనపు సాఫ్ట్‌వేర్) కాదు. హ్యాకర్లు స్పామ్ పేజీలను గూగుల్‌బాట్‌కి (పేజీలను చదివే గూగుల్ ప్రోగ్రామ్) మాత్రమే చూపించేలా పెడతారు, యజమాని బ్రౌజర్‌లో అంతా మామూలుగానే ఉంటుంది. అందుకే వారానికోసారి గూగుల్‌లో 'site:' పక్కన మీ డొమైన్ కొట్టి చూడండి. సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఓనర్ల జాబితా కూడా చూడాలి. తెలియని పేరుంటే తీసేస్తే సరిపోదు, తామే ఓనర్లమని నిరూపించుకోడానికి సర్వర్‌లో వాళ్లు పెట్టిన వెరిఫికేషన్ ఫైల్‌నీ తొలగించాలి, లేకపోతే మళ్లీ చేరతారు.