సేవ చేసిన ప్రతి ఏడాదికీ అప్పు తగ్గాలి

విద్యా రుణాల మాఫీ మీద అమెరికాలో గొడవ ఇంకా చల్లారలేదు. ఒక్కొక్కరికి 10 వేల నుంచి 20 వేల డాలర్ల దాకా ఒకేసారి రద్దు చేస్తానని బైడెన్ ప్రకటించడం, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో దాన్ని కొట్టేయడం పాఠకులకు తెలిసిందే. తర్వాత ఆదాయాన్ని బట్టి వాయిదాలు తగ్గించేందుకు తెచ్చిన సేవ్ ప్లాన్ కూడా కోర్టుల్లోనే చిక్కుకుపోయింది. 2025 జూలైలో ట్రంప్ సంతకం చేసిన పెద్ద చట్టం అప్పు ఇచ్చే తీరునూ తీర్చే తీరునూ మార్చేసింది. ఈ రచ్చలో ఒక మంచి ఆలోచన పక్కకు పోయింది. సమాజానికి అవసరమైన పనిలో చేరినవాళ్ల చదువు అప్పును, ఆ పనికి ప్రతిఫలంగా ప్రభుత్వమే తీర్చడం. అందరికీ ఒక్కసారిగా రద్దు చేయడం కన్నా, ఎవరి బాధ వాళ్లదే అని వదిలేయడం కన్నా ఇదే న్యాయమని నా అభిప్రాయం. అయితే ఇప్పుడున్న పద్ధతి మాత్రం మారాలి. పదేళ్లు ఆగమని చెప్పి, పదో ఏట వంకలు పెట్టే పద్ధతి ఇది. దాని బదులు, పనిచేసిన ప్రతి ఏడాదికీ కొంత అప్పు అక్కడికక్కడే తీరిపోవాలి.

అమెరికాలో ఫెడరల్ విద్యా రుణం ఉన్నవాళ్లు సుమారు 4.3 కోట్ల మంది. బాకీ మొత్తం 1.6 లక్షల కోట్ల డాలర్ల పైమాటే. ఈ అంకె గురించి అందరూ మాట్లాడతారు. ఈ అప్పు వల్ల ఖాళీగా మిగిలిపోతున్న ఉద్యోగాల గురించి మాత్రం తక్కువ మంది మాట్లాడతారు. లాయర్‌ను పెట్టుకోలేని పేదవాడి తరఫున వాదించాలని లా కాలేజీలో చేరిన అమ్మాయి, బయటికొచ్చేసరికి నెలనెలా వాయిదా చూసుకుని కార్పొరేట్ సంస్థలో చేరుతుంది. ఊళ్లో ఫ్యామిలీ డాక్టర్‌గా ఉందామనుకున్న కుర్రాడు నగరంలో స్పెషలిస్టు అవుతాడు. అప్పుతో చదివి బయటపడే డాక్టర్‌కు సగటున రెండు లక్షల డాలర్ల బాకీ ఉంటుంది మరి. పిల్లల సంరక్షణ కేసులు చూసే సోషల్ వర్కర్‌కు పీజీ ఉన్నా, జీతం మాత్రం అంతంతమాత్రం. వీళ్లెవరూ డబ్బు మీద ఆశతో దారి మళ్లినవాళ్లు కారు. ఏ ఉద్యోగంలో చేరాలో వాళ్ల తరఫున అప్పే నిర్ణయించేసింది.

ఈ సమస్యకు 2007లో బుష్ హయాంలో ఒక జవాబు దొరికింది. పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్, పొట్టిగా పీఎస్‌ఎల్‌ఎఫ్. ప్రభుత్వంలో గానీ లాభాపేక్ష లేని సంస్థలో గానీ ఫుల్‌టైమ్ పనిచేస్తూ, ఆదాయాన్ని బట్టి 120 నెలల వాయిదాలు కడితే మిగిలిన బాకీ రద్దవుతుంది. రద్దయిన మొత్తం మీద ఫెడరల్ ఆదాయపు పన్ను కూడా ఉండదు. టీచర్లు, నర్సులు, ఫైర్ సిబ్బంది, పోలీసులు, ప్రభుత్వ లాయర్లు ఈ మాటను నమ్మారు. బయట ఎక్కువ జీతం వస్తుందని తెలిసీ ఉన్నచోటే ఉండిపోయారు.

2017 అక్టోబర్‌లో తొలి విడత వాళ్లకు పదేళ్లు నిండాయి. 2018 జూన్ ఆఖరు నాటికి సుమారు 28 వేల మంది దరఖాస్తు పెట్టుకుంటే, మాఫీ దక్కింది 96 మందికి. మళ్లీ చదవండి, తొంభై ఆరు మందికి. మీ అప్పు బ్యాంకు ద్వారా వచ్చిన పాత రకం, అది చెల్లదన్నారు. మీరు ఎంచుకున్న వాయిదా ప్లాన్ వేరన్నారు. గడువు దాటి పదిహేను రోజుల తర్వాత కట్టారన్నారు. కట్టాల్సిన దానికన్నా ఒక సెంటు తగ్గిందని కూడా ఆ నెలను లెక్కలోంచి తీసేశారు. ఇవన్నీ ముందే చెప్పాల్సిన లోన్ సర్వీసింగ్ కంపెనీలు, అంటే ప్రభుత్వం తరఫున వాయిదాలు వసూలు చేసే సంస్థలు, ఏళ్ల తరబడి చెప్పలేదు. చివరికి అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ 2019లో విద్యాశాఖ మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 2021 అక్టోబర్‌లో విద్యాశాఖ ఏడాది పాటు నిబంధనలు సడలించి, పాత వాయిదాలన్నీ మళ్లీ లెక్కపెట్టించింది. 2021 మొదట్లో అప్పటిదాకా మాఫీ పొందినవాళ్లు ఏడు వేల మంది. 2025 జనవరికి ఆ సంఖ్య పది లక్షలు దాటింది. వీళ్లలో చాలామంది ముందు నుంచీ సేవ చేస్తూనే ఉన్నారు, వాయిదాలు కడుతూనే ఉన్నారు. అమెరికా కాంగ్రెస్ కొత్త చట్టమేమీ చేయలేదు, లెక్కపెట్టే తీరు మారిందంతే. అంటే తొలి నాలుగేళ్లలో తిరస్కరించిన ఆ లక్షల కాగితాల వెనక నిజాయితీగా పనిచేసిన మనుషులున్నారు. ప్రభుత్వాన్ని నమ్మినందుకు వాళ్లకు ఎదురైన టెన్షన్, వాయిదా వేసుకున్న పెళ్లిళ్లు, కొనుక్కోలేకపోయిన ఇళ్లు ఏ లెక్కలోకీ రావు. దీన్ని తలచుకుంటే నాకు కోపం వస్తుంది.

అమెరికాకు ఇంతకన్నా మంచి పద్ధతి తెలియక కాదు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను అంతరిక్షంలోకి పంపగానే, సైన్సులో వెనకబడిపోయామన్న భయం వాళ్లను పట్టుకుంది. మరుసటి ఏడాది ఐసెన్‌హోవర్ నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ మీద సంతకం చేశారు. ఆ చట్టం కింద అప్పు తీసుకుని ప్రభుత్వ బడిలో టీచర్‌గా చేరితే, పనిచేసిన ఒక్కో ఏడాదికి పది శాతం చొప్పున ఐదేళ్లలో సగం అప్పు రద్దయ్యేది. ఆ రుణాలే తర్వాత పెర్కిన్స్ లోన్లయ్యాయి. పెర్కిన్స్‌లో అయితే, పేద పిల్లలు చదివే బడిలో పనిచేసే టీచర్‌కు మొదటి రెండేళ్లు 15 శాతం చొప్పున, తర్వాతి రెండేళ్లు 20 చొప్పున, ఐదో ఏడాది 30 శాతం. ఐదేళ్లకు అప్పు మొత్తం సున్నా. ఈ పెర్కిన్స్ పథకం గడువు 2017 సెప్టెంబర్ 30తో ముగిసిపోయింది. మరునాటి నుంచే పీఎస్‌ఎల్‌ఎఫ్‌లో తిరస్కరణల కాలం మొదలైంది. ఏటికేడు తీర్చే పద్ధతిని మూసేసిన మర్నాడే, పదేళ్లు ఆగమన్న పద్ధతి అసలు రంగు బయటపడింది.

ఏటికేడు తీర్చడంలో ఉన్న బలం నాకు మరే పద్ధతిలోనూ కనిపించదు. పదేళ్ల షరతులో తొమ్మిదేళ్లు పనిచేసినవాడికి దక్కేది సున్నా. ఆరో ఏట బిడ్డ పుడుతుంది, ఏడో ఏట తల్లికి పక్షవాతం వస్తుంది, ఎనిమిదో ఏట ఆ చిన్న ఆస్పత్రే మూతపడుతుంది. ఉద్యోగం మానేసి, మళ్లీ అలాంటి ఉద్యోగంలో చేరలేకపోతే అన్నేళ్ల సేవా వృథా. తక్కువ వాయిదాలు కడుతూ వచ్చాడు కాబట్టి ఈలోగా వడ్డీ పెరిగి, తీసుకున్నదానికన్నా ఎక్కువ బాకీ మిగిలినా ఆశ్చర్యం లేదు. పైఅధికారి ఎంత వేధించినా ఇంకా మూడేళ్లు ఓర్చుకోవాలి అనుకునే నర్సుకు స్వేచ్ఛ ఎక్కడుంది? ఏటికేడు అయితే చేసిన సేవకు ఫలితం అప్పటికే చేతిలో ఉంటుంది. కాగితాల్లో తప్పుంటే మొదటి ఏడాది చివర్లోనే బయటపడుతుంది, పదేళ్ల తర్వాత కాదు.

ఇంకో సంగతి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. పదేళ్లలో వైట్‌హౌస్‌లో మనుషులు మారిపోతారు. 2025 మార్చిలో ట్రంప్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. చట్టవిరుద్ధ ఉద్దేశాలతో నడుస్తున్నాయని ప్రభుత్వం భావించే సంస్థల్లో పనిచేసేవాళ్లకు పీఎస్‌ఎల్‌ఎఫ్ వర్తించకూడదన్నది దాని సారాంశం. 2026 జూలై 1 నుంచి అమలయ్యేలా 2025 అక్టోబర్‌లో తుది నిబంధన వచ్చింది. వలసదారులకు సాయం చేసే సంస్థల వంటివే దీని గురి అని అంటూ పలు రాష్ట్రాలు, నగరాలు కోర్టుకు వెళ్లాయి. సంస్థ మీద ప్రభుత్వానికి కోపమొస్తే, అందులో పనిచేసే అకౌంటెంటు అప్పు ఎందుకు మిగిలిపోవాలి? ఏడేళ్ల క్రితం చేరినప్పుడు ఆమెకిచ్చిన మాట ఏమైనట్టు? ఏటా అప్పు తగ్గిస్తూ వచ్చి ఉంటే, కొత్త ప్రభుత్వం రాబోయే ఏళ్ల సంగతి మార్చగలదేమో గానీ తీరిపోయిన అప్పును తిరిగి నెత్తిన పెట్టలేదు. నాయకుల దయ మీద ఆధారపడకుండా మాఫీని కాపాడే దారి ఇదొక్కటే.

కాలేజీ ముఖమే చూడని ఎలక్ట్రీషియన్ కట్టిన పన్నుతో డాక్టర్ అప్పు తీర్చడమేమిటని అడిగేవాళ్లున్నారు. ప్రభుత్వం తీరుస్తుందంటే కాలేజీలు ఫీజులు పెంచేస్తాయని కూడా అంటారు. లాభాపేక్ష లేని పెద్ద ఆస్పత్రిలో రెసిడెన్సీ (చదువయ్యాక డాక్టర్లు పొందే శిక్షణ) చేసిన ఏళ్లు కూడా 120 నెలల్లోకి వస్తాయి కాబట్టి, భారీ జీతమొచ్చే స్పెషలిస్టులు లాభపడుతున్నారన్నది వాళ్ల మరో మాట. ఈ చివరి మాటలో నిజముంది. ఏటికేడు పద్ధతిలో ఏడాదికి ఇంతే అని పరిమితి పెడితే ఆ చిక్కు పోతుంది. ఇక ఎలక్ట్రీషియన్ సంగతా? డాక్టర్ లేని ఊళ్లో మొదట నష్టపోయేది అతనే. అతను కడుతున్నది ఇంకొకరి చదువుకు కాదు, తన ఊళ్లో తెరిచి ఉండే క్లినిక్‌కు.

ఆ క్లినిక్ తెరిచి ఉంటుందనడానికి రుజువు కూడా అమెరికాలోనే ఉంది. 1970ల నుంచి నడుస్తున్న నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ ద్వారా, డాక్టర్ల కొరత ఉన్నచోట రెండేళ్లు పనిచేయడానికి ఒప్పుకుంటే 50 వేల డాలర్ల దాకా అప్పు తీరుస్తారు. ఫ్యామిలీ మెడిసిన్ లాంటి ప్రైమరీ కేర్ డాక్టర్లకు ఇటీవల దీన్ని 75 వేల దాకా పెంచారు. గడువు తక్కువ, మొత్తం ఎంతో ముందే తెలుసు, కావాలంటే ఒప్పందం పొడిగించుకోవచ్చు. ఇది నిలబడింది.

మరోపక్క 2025లో ట్రంప్ సంతకం చేసిన చట్టం ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. 2026 జూలై నుంచి కొత్తగా చేరే మెడికల్, లా లాంటి ప్రొఫెషనల్ కోర్సుల విద్యార్థులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం రెండు లక్షలు దాటకూడదు. మిగతా పీజీ కోర్సులకు మొత్తం లక్ష. అంతకుమించి కావాలంటే ప్రైవేటు అప్పే గతి. ప్రైవేటు అప్పుకు పీఎస్‌ఎల్‌ఎఫ్ వర్తించదు. అక్కడ పుట్టి పెరిగి మెడిసిన్‌లో చేరుతున్న మన తెలుగువాళ్ల పిల్లలకూ ఇది తగులుతుంది. తల్లిదండ్రులు ఫీజు కట్టగలిగితే సరే. లేకపోతే, సేవ చేయాలనుకున్న పిల్లలు కూడా ప్రైవేటు బాకీ కోసం డబ్బొచ్చే చోటికే పోవాలి.

సేవకు బదులుగా ఏదో ఒకటి ఇచ్చే ఈ పద్ధతి తెలుగు డాక్టర్లకు కొత్త కాదు. జే-1 వీసాపై రెసిడెన్సీ చేసినవాళ్లు రెండేళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్నది నియమం. 1994లో వచ్చిన కాన్రాడ్ పథకం ప్రకారం, డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ నియమం నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది. అమెరికాలో మనం పేరు కూడా వినని చిన్న పట్టణాల్లో మన డాక్టర్లు ఉండటానికి ఇదొక కారణం. ఎవరూ వాళ్లను బలవంతంగా పంపలేదు. కావాల్సింది దొరుకుతుందని తెలిసి వెళ్లారు, అక్కడివాళ్లకు వైద్యం అందించారు.

మరి మన దగ్గర? డాక్టర్లను పల్లెకు పంపాలంటే మన ప్రభుత్వాలకు తోచేది బాండ్. పనిచేయకపోతే లక్షల్లో జరిమానా. డబ్బున్న ఇంటి పిల్లలు కట్టేసి వెళ్లిపోతారు, లేనివాళ్లు మొక్కుబడిగా రోజులు లెక్కపెడతారు. ప్రైవేటు మెడికల్ కాలేజీలో బీ కేటగిరీ సీటుకు ఏడాదికి పది లక్షలకు పైగా ఫీజు కట్టిన కుటుంబం ఇల్లో పొలమో తాకట్టు పెట్టి ఉంటుంది. ఆ అప్పు నెత్తిన ఉన్న అమ్మాయిని బాండ్ చూపించి భయపెడితే ఏజెన్సీలో మనసు పెట్టి పనిచేస్తుందా? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎందరినో చదివించింది, కాదనను. అది బకాయిపడ్డప్పుడల్లా సర్టిఫికెట్లు కాలేజీల బీరువాల్లో ఉండిపోవడమూ చూస్తున్నాం. కేంద్రం వడ్డీ రాయితీలు, 2024 నవంబర్‌లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంతో సహా, చదువు కాలానికీ ఆ తర్వాత ఒక ఏడాదికే. ఉద్యోగం ఎక్కడ చేశావు, ఎవరికి ఉపయోగపడ్డావు అని ఈ పథకాలు అడగవు. తాకట్టు విడిపించాలంటే నగరానికో విదేశానికో పోవాల్సిందే అన్నట్టు తయారైంది పరిస్థితి. వెళ్లినవాళ్లలో తిరిగి వద్దామనుకునేవాళ్లనూ ఆ అప్పే రానివ్వదు.

బాండ్ తీసేసి ఏటికేడు రుణం తీర్చే పద్ధతి పెట్టాలని నేను కోరుతున్నది అందుకే. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, ఏటూరునాగారం లాంటి చోట్ల ప్రభుత్వ ఆస్పత్రిలో చేరిన డాక్టర్ బ్యాంకు లోన్‌లో ఏడాదికి 20 శాతం రాష్ట్రమే కట్టాలి, దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉండాలి. మిగిలిన బాకీ మీద ఆ ఏడాది వడ్డీ కూడా రాష్ట్రమే భరించాలి. అర్హతను దరఖాస్తుదారు నిరూపించుకోవడం కాదు, జీతమిచ్చే ప్రభుత్వమే హాజరు చూసి బ్యాంకుకు పంపాలి. ముందు డాక్టర్లతో మొదలుపెట్టి, తర్వాత నర్సులకు, ఉచిత న్యాయసాయం చేసే లాయర్లకు విస్తరించవచ్చు. ఏప్రిల్‌లో చేరిన అమ్మాయి లోన్ ఖాతాలో మార్చి ఆఖరుకల్లా అసలు తగ్గి కనిపించాలి. రెండో ఏడాదీ ఉంటుందా, వెళ్లిపోతుందా అన్నది ఆమె ఇష్టం. వెళ్లిపోయినా మొదటి ఏడాది తీరిన అప్పు జోలికి ఎవరూ రాకూడదు.