ట్రెక్కింగ్ అనగానే షాపుకి పరిగెత్తే మన వైజాగ్ జనం గురించి

శుక్రవారం రాత్రి పెందుర్తి జంక్షన్‌లో ఓ పది నిమిషాలు నిలబడితే మన ఊరి వాళ్ళకి కొండలంటే ఎంత పిచ్చో తెలిసిపోతుంది. కార్లు, బుల్లెట్లు, టెంపో ట్రావెలర్లు, అన్నీ ఘాట్ వైపే. వంజంగిలో మబ్బులు చూడాలి, అరకులో బొంగు చికెన్ తినాలి, సోమవారం పొద్దున్నకి ఆఫీసులో ఉండాలి. తప్పేం లేదు, నేనూ వెళ్తాను. నా గొడవల్లా వీళ్ళలో నిజంగా భుజానికి బ్యాగు తగిలించుకుని ఒకటి రెండు రోజులు నడవాలని సరదా పడే కుర్రాళ్ళ గురించి. వాళ్ళకి మొదటి మెట్టు ఏంటని ఎవరు నేర్పారో గానీ, అందరూ షాపులోనే మొదలుపెడుతున్నారు. రీల్స్‌లో ఎవడో 'ఈ పదిహేను వస్తువులు లేకపోతే ట్రెక్‌కి వెళ్ళకండి' అంటాడు, కింద లింకులు పెడతాడు, మనవాడు ఈఎంఐలో 60 లీటర్ల బ్యాగు కొంటాడు. బ్యాగు వచ్చాక దాన్ని నింపాలి కదా, అందుకని ఇంకా కొంటాడు. కాళ్ళు మాత్రం సోఫా మీద ఉంటాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఈ విషయం తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మా పెదనాన్న గారమ్మాయి. అమెరికాలో ఉద్యోగానికి సెలవు పెట్టి అపలాచియన్ ట్రైల్ మొత్తం నడిచింది. జార్జియాలో స్ప్రింగర్ మౌంటెన్ దగ్గర మొదలై మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ముగుస్తుంది ఆ దారి, 14 రాష్ట్రాలు, దాదాపు 3,500 కిలోమీటర్లు. అది నడుస్తున్నన్నాళ్ళూ మా పెద్దమ్మ చుట్టాలకి 'ఏదో ప్రాజెక్టు పని మీద ఊళ్ళు తిరుగుతోంది' అని చెప్పుకొచ్చింది. అక్క దీపావళికి ఇంటికొచ్చింది, అనంతగిరి వైపు కారేసుకుని వెళ్ళి అక్కణ్ణించి నడుద్దామంది. మా ఆఫీసు మిత్రుడొకడు నేనూ వస్తానని ఎగురుకుంటూ వచ్చాడు.

బయల్దేరే ముందు రాత్రి సీతమ్మధారలో మా హాల్లో అక్క వాడి బ్యాగుని కొక్కెం కాటాకి తగిలించింది. 17 కిలోలు. వీడు మనిషి 65 ఉంటాడేమో. బ్యాగు బరువు మన ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని ఆ ట్రైల్ మీద మొదట చెప్పే మాటట. 'బోర్లించు' అంది. జీన్స్ ప్యాంట్లు మూడు, టర్కీ తువ్వాలు, బ్లూటూత్ స్పీకర్, పవర్ బ్యాంకులు రెండు, షేవింగ్ కిట్టు, స్టీలు డబ్బా నిండా వాళ్ళమ్మ చేసిన చేగోడీలు, అన్నిటి కిందా ఆన్‌లైన్‌లో కొన్న చిన్న గొడ్డలి.

'ఇదేటిరా?'

'సేఫ్టీకి అక్కా.'

'ఎవరి సేఫ్టీకి?'

జీన్స్ అన్నీ పక్కన పడేసింది. నూలు బట్ట తడిస్తే ఆరదు, తడి బట్ట ఒంటి మీదుంటే కొండ మీద చలి ఎముకల్లోకి దిగుతుంది. ఒంటి మీద ఒక జత, రాత్రి పడుకోడానికి పొడి జత ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి. వాన కోటు, తలకి కట్టుకునే లైటు, మందులు, దోమల క్రీము (ఏజెన్సీలో మలేరియా సంగతి మనకి కొత్త కాదు). వీడు 'చేగోడీలు?' అని దీనంగా అడిగాడు. అవి మాత్రం ఉంచింది. డబ్బా తీసేసి కవర్లోకి పోసింది, నడిచే మనిషికి ఉప్పూ నూనే రెండూ కావాలంది. మళ్ళీ కాటాకి తగిలిస్తే తొమ్మిది కిలోలు, నీళ్ళతో కలిపి. కొత్తగా ఒక్క వస్తువు కొనలేదు.

ఆ ట్రైల్ మీద మొదటి 50 కిలోమీటర్ల దగ్గర నీల్ గ్యాప్ అనే చోట ట్రెక్కింగ్ సామాన్ల దుకాణం ఒకటుంది. వచ్చినవాళ్ళ బ్యాగులు విప్పించి ఏది అక్కర్లేదో చెప్పి, వద్దన్నవి పోస్టులో ఇంటికి పంపించేస్తారు. అక్క వెళ్ళినప్పుడు ముందున్న చెట్టు కొమ్మలకి బూట్లు వేలాడుతుండేవట. మూడు నాలుగు రోజులకే విసుగెత్తి వెనక్కి పోయినవాళ్ళవి కూడా అందులో ఉండేవట. మొదలుపెట్టినవాళ్ళలో చివరిదాకా వెళ్ళేది నలుగురిలో ఒకరే. మిగతావాళ్ళకి సామాను లేక కాదు, ఖరీదైన సామానంతా ఉంటుంది.

ఇంకో సంగతి. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ అదే దారి ఆ చివర నుంచి ఈ చివరికి ఒంటరిగా నడిచేసింది. వయసు 67, పదకొండు మంది పిల్లల తల్లి. కాళ్ళకి మామూలు కాన్వాస్ బూట్లు, భుజాన తనే కుట్టుకున్న గుడ్డ సంచి, వానొస్తే కప్పుకోడానికి బాత్రూం కర్టెన్. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. అంతకు ముందు ఏడాది వెళ్ళి దారి తప్పి, కళ్ళజోడు పగలగొట్టుకుని వెనక్కొచ్చేసింది కూడా. ఆవిడలా వెళ్ళమని కాదు నేననేది, వానలో కర్టెన్ కప్పుకుని తిరగమనీ కాదు. 40 వేలు పెట్టి కొంటే తప్ప గడప దాటలేమనే వాదన మాత్రం నా దగ్గర చెల్లదు.

అసలు నడక మనకి పరాయి సంగతా? ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, వెంకోజిపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగొస్తారు, లక్షల మంది, చాలామంది చెప్పుల్లేకుండా, రాత్రంతా. మా వీధిలో బీపీ మాత్ర వేసుకునే మామ్మగారు నడుస్తారు. దారిపొడవునా ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళు మజ్జిగ ఇస్తారు, పులిహోర పెడతారు, కాళ్ళకి నొప్పుల మందు రాస్తారు. అక్క చెప్పింది, ఆ ట్రైల్ మీద కూడా ఊళ్ళవాళ్ళు రోడ్డు దాటే చోట కూల్‌డ్రింకులు, పళ్ళు పెట్టి ఉంచుతారట, అది చూసినప్పుడల్లా తనకి వెంకోజిపాలెం గుర్తొచ్చేదట. ఆ ప్రదక్షిణ చేసిన కుర్రాడే మర్నాడు నన్ను 'అన్నా, 10 కిలోమీటర్ల ట్రెక్‌కి ఏ బ్రాండ్ షూ తీసుకోవాలి' అని అడుగుతాడు. ఏం చెప్పాలి వాడికి!

సరే, షూ గురించి అడిగారు గనక, బ్రాండు తర్వాత, కొంచెం వదులుగా ఉన్నవి తీసుకోండి. నడిచేకొద్దీ పాదాలు పొంగుతాయి. అనంతగిరి దాటాక ఒక ఊళ్ళో కారు పెట్టాం (పేరు రాయను, రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ డ్రోన్లు ఎగురుతాయి). పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. అరగంట నడిచామో లేదో అక్క ఆగి, 'ఎవరికైనా కాలు ఎక్కడైనా చురుక్కుమంటోందా?' అంది. మావాడు మొహమాటపడ్డాడు. సాక్సు విప్పించి చూస్తే మడమ మీద రూపాయి బిళ్ళంత ఎర్రగా ఉంది. అక్కడే టేపు అంటించింది. పొక్కు లేచాక చేసే వైద్యం వేరు, అప్పుడు రెండు రోజులు కుంటాల్సిందే. డబ్బు పుచ్చుకుని 40 మందిని ఒకేసారి కొండెక్కించే ప్యాకేజీల్లో ఇలా ఆగి అడిగే నాథుడు ఉన్నాడా? వాళ్ళకి సూర్యోదయం టైముకి జనాన్ని పైకి తోలడమే పని.

మేం అలా టేపులూ గీపులూ అంటించుకుంటుంటే సంతకి పోయొస్తున్న ఆడవాళ్ళు నెత్తి మీద మూటలతో, రబ్బరు చెప్పులతో మమ్మల్ని దాటుకుని ఎగువకి వెళ్ళిపోయారు. ఒకావిడ మా బ్యాగులు చూసి నవ్వింది. ఆ కాలిబాటలు వాళ్ళవి. నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చారన్న వార్తలు మన పేపర్లలో ఇప్పటికీ వస్తున్నాయే, అవి ఇలాంటి దారుల్లో జరిగేవే. కాబట్టి అక్కడికెళ్ళి 'వావ్, అన్‌టచ్డ్' అని కేకలు పెట్టకండి, అడక్కుండా పిల్లల ఫొటోలు తీయకండి. రాత్రి ఉండాలంటే ఊరి పెద్దని అడగండి, తిన్నదానికి డబ్బులివ్వండి. రిజర్వు ఫారెస్టయితే అటవీశాఖ అనుమతి లేకుండా టెంటు వేయకూడదు. ఇక ఎవరూ మాట్లాడని సంగతి, దొడ్డికి వెళ్ళాలంటే నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, ఆరు అంగుళాలైనా గొయ్యి తవ్వి, పూడ్చి రావాలి. ఆ కింద గెడ్డ (వాగు) నీళ్ళే ఎవరో తాగుతారు. వంజంగి దారిలో చిప్స్ ప్యాకెట్లు చూస్తే ఇదంతా ఎవరికి చెప్తున్నానా అనిపిస్తుంది, అయినా చెప్తున్నా.

పైదాకా వెళ్ళామా అంటే, లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనమని పొద్దున్నే ఫోన్లో వచ్చింది, మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. మావాడు 'ఇంకో అరగంటేగా అక్కా' అని బతిమాలాడు. అక్క మాట్లాడకుండా వెనక్కి తిరిగి దిగడం మొదలెట్టింది. కటాడిన్ దాకా నడిచిన మనిషికి ఆ శిఖరం ఎక్కాలన్న పట్టుదల లేదు, జిమ్ము కార్డున్న మావాడికి ఉంది. ఘాట్ దిగుతుంటే గంజాయి తనిఖీలో పోలీసులు కారాపి బ్యాగులన్నీ విప్పించారు. గొడ్డలి ఇంట్లోనే ఉండిపోయినందుకు మావాడు సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకున్నాడు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే పని. ఇంట్లో ఉన్న కాలేజీ బ్యాగులో రెండు మూడు లీటర్ల నీళ్ళ సీసాలు వేసుకుని సింహాచలం మెట్లెక్కి దిగండి, వెయ్యి పైనే ఉన్నాయి. రెండు మూడు వారాలు చేశాక ఏది కొనాలో మీ భుజాలూ మోకాళ్ళే చెప్తాయి. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే కొనండి, మీ డబ్బు మీ ఇష్టం. లేదంటే నిజంగా దూరాలు నడిచిన మనిషి ఎవరైనా దొరికితే వాళ్ళ వెంట పడండి, వంద రీల్స్ చూసినదానికంటే అదే నయం.

అక్క వచ్చే నెల వెళ్ళిపోతుంది. ఈలోపు వాతావరణం తెరిపిస్తే ఇంకోసారి వెళ్తున్నాం, కారులో ఇద్దరికి చోటుంది. ముందు రోజు రాత్రి మా ఇంట్లో బ్యాగు బోర్లించాల్సి ఉంటుంది. స్పీకర్ తెచ్చేవాళ్ళకి మాత్రం చోటు లేదు.