ఆ సీసాలో ఉన్నది కొలాజినేజ్ ఒక్కటే కాదు

"కణజాలాన్ని 1 మి.గ్రా./మి.లీ. కొలాజినేజ్‌లో, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచాం." కణజాలాన్ని విడివిడి కణాలుగా విడదీయడానికి, కణాలను పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను తెంచే ఎంజైమే కొలాజినేజ్. పరిశోధన పత్రాల్లో ఈ వాక్యం కంటబడితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. వంటల పుస్తకంలో 'ఉప్పు తగినంత' అన్నట్టే ఉంటుంది ఇది. ఏ రకం? ఎన్ని యూనిట్లు? ఏ లాట్, అంటే ఏ విడతలో తయారైన సరుకు? ఒక్కటీ చెప్పరు.

అసలు ఆ లేత గోధుమరంగు పొడి ఏమిటో చూడండి. క్లాస్ట్రీడియం హిస్టోలిటికం అనే బ్యాక్టీరియాను పెంచి, అది బయటికి వదిలిన ఎంజైములను ఆరబెట్టిన మిశ్రమం. అందులో రెండు తరగతుల కొలాజినేజ్‌లతో పాటు క్లాస్ట్రిపెయిన్, న్యూట్రల్ ప్రోటియేజ్, ట్రిప్సిన్ తరహా ఎంజైములు కూడా ఉంటాయి. బాగా శుద్ధి చేసిన కొలాజినేజ్ ఒక్కటే పోస్తే చాలా కణజాలాలు సరిగా విడిపోవు. మనం మలినాలు అనుకునేవే సగం పని చేసిపెడతాయి! వాటి పాళ్లేమో లాటుకో తీరు. కాబట్టి బరువు చెప్పి ఊరుకుంటే ఏమీ చెప్పనట్టే. పోనీ యూనిట్లు రాస్తారా అంటే, ఎంజైము చురుకుదనాన్ని చెప్పే వున్ష్ యూనిట్లను ఒక కృత్రిమ పెప్టైడ్‌తో (ప్రోటీన్ లాంటి చిన్న గొలుసుతో) కొలుస్తారు, సీడీయూలనే మరో రకం యూనిట్లను కొలాజెన్‌తో. ఆ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త మార్టిన్ రాడ్‌బెల్ 1964లో ఎలుక కొవ్వు కణాలను విడదీసింది కొలాజినేజ్‌తోనే. ఇన్నేళ్లయినా మన పద్ధతి పెద్దగా మారలేదు, రాసే తీరు అంతకన్నా మారలేదు.

కాల్షియం సంగతి మరీ ఘోరం. ఎలుక కాలేయానికి ముందు కాల్షియం లేని ద్రావణం ఎక్కించి కణాల మధ్య పట్టు సడలిస్తారు, ఆ తర్వాతే కాల్షియంతో కలిపి కొలాజినేజ్ ఎక్కిస్తారు, ఎందుకంటే ఆ ఎంజైముకు కాల్షియం లేనిదే గడవదు. కాల్షియంను పట్టేసుకునే ఈడీటీఏ ఉన్న బఫర్‌లోనే కొలాజినేజ్ కలిపేసి "ఈ సీసా పాడైపోయింది" అని తిట్టేవాళ్లను ఎంతమందిని చూశానో! పాపం, సీసా తప్పేముంది?

ఇక పిపెట్ కొన నుంచి తీగలా సాగే ఆ జిగట. చచ్చిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్ఏ అది. బతికున్న కణాలను కూడా పట్టుకుని ముద్ద చేస్తుంది. ముద్ద విడిపోవాలని ఇంకా గట్టిగా కలియబెడతారు, మరిన్ని కణాలు చస్తాయి, జిగట ఇంకా పెరుగుతుంది. డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైము డీఎన్ఏజ్ కాస్త, దానికి తోడు మెగ్నీషియం వేస్తే పోయేదానికి!

అనుభవమున్న ల్యాబులు రెండు మూడు లాట్ల నమూనాలు తెప్పించుకుని, చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో బతికిన కణాలు లెక్కపెట్టి, నచ్చిన లాటును ముందే అట్టే పెట్టించుకుంటాయి. అంత శ్రమపడి ఎంచుకున్న లాట్ నంబరు పత్రంలోకి వచ్చేసరికి మాయమైపోతుంది. గ్రాఫులో రంగు బాగాలేదని తిప్పి పంపే సమీక్షకులు ఈ ఒక్క నంబరు ఎందుకు అడగరో!