మహారాజశ్రీ బ్రేకుల వారికి

మా కారు ముందు చక్రాల బ్రేకుల వారి సముఖమునకు, నిన్న మధ్యాహ్నం రోడ్డు పక్కన గంటన్నర నిలబడ్డ ఓనరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే, మీరు కుశలమే. నా సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

నిన్నటిది మీకు గుర్తుండే ఉంటుంది. ఇంకో పావుగంటలో చేరిపోతాం అనుకుంటుండగా బండి బరువెక్కింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టే ఉంది. బ్రేక్ పెడల్ మీద కాలు పెట్టి చూస్తే రాయిలా బిగిసిపోయింది. తర్వాత ఆ వాసన. కాలిన ప్యాడ్ల వాసన ఒక్కసారి ముక్కుకు తగిలితే ఇక మర్చిపోవడం ఉండదు. మంచి నిద్రలో కూడా లేచి కూర్చుంటున్నాను. పక్కకు తీసి, న్యూట్రల్‌లో పెట్టి, దిగి తోశాను. ఉడుంపట్టు పట్టారు తమరు. అంగుళం కదల్లేదు.

టోయింగ్ బండి గంటన్నరకు వచ్చింది. దాని డ్రైవరు జాకీ కూడా దించలేదు. ఫోన్‌లో మాట్లాడుతూనే, ఒంటి చేత్తో, మన కారును తోశాడు. ఉయ్యాలలా కదిలింది. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, నలుగురూ వినేలా అడిగాడు: "హ్యాండ్ బ్రేక్ వేసి మర్చిపోయారా సార్?"

లేదండీ, మర్చిపోలేదు. కానీ ఆ మాట ఎవరు నమ్ముతారు?

తమరు రోడ్డు మీద పట్టేసుకోవడం కాదు నా అసలు బాధ. యంత్రమన్నాక పాడవుతుంది, నేనూ ఒప్పుకుంటాను. తమరి మైలేజీ తిండి గురించి అడగను. వెనక హారన్లు కొట్టినవాళ్ళ గురించి మాట్లాడను. "అమ్మేయొచ్చుగా" అని సలహా ఇచ్చిన బంధువర్గాన్ని కూడా వదిలేస్తున్నాను. నా బాధల్లా ఒక్కటే. సాక్షి వచ్చేసరికి తమరు ఎందుకు మంచివారైపోతారు?

రెండు నెలలుగా ఇదే తంతు. రోడ్డు మీద రాక్షసావతారం, షెడ్డు గేటు దాటగానే సాధువు. మెకానిక్ టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్తే వీధి చివరిదాకా వెన్నలా వెళ్ళి వెన్నలా వచ్చేస్తారు. ఆయన తాళాలు నా చేతిలో పెట్టి, జ్వరం లేని పిల్లాణ్ణి తీసుకొచ్చిన తండ్రిని డాక్టర్ చూసినట్టు చూస్తాడు. మొదటాయన ప్యాడ్లు మార్చాడు. రెండో ఆయన ప్యాడ్లను పట్టుకుని నొక్కే కాలిపర్లే మార్చేశాడు, పిస్టన్ పట్టేస్తోందట, స్లైడ్ పిన్నులు ఎండిపోయాయట. మూడో ఆయన బ్రేక్ ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోశాడు. నాలుగో ఆయన ఏమీ మార్చలేదు. "మీరు పెడల్ మీద కాలు పెట్టి నడుపుతున్నారేమో సార్" అన్నాడు. అప్పట్నుంచి నా కుడికాలిని నేనే అనుమానిస్తూ బతుకుతున్నాను.

తమరి ఈ వేషం వెనక కిటుకు ఇప్పుడు తెలిసింది లెండి. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెడల్ మీంచి కాలు తీయగానే లోపలి పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చేయాలి, ఆ రంధ్రం తెరుచుకోవాలి, వేడికి ఉబ్బిన ఆయిల్ పైనున్న డబ్బాలోకి తిరిగి పోవాలి. పిస్టన్ వెంట్రుకవాసి ముందే ఆగిపోయిందంటే రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడెక్కిన ఆయిల్‌కి పోయే దారి లేదు. అది ప్యాడ్లను చక్రంతో పాటు తిరిగే డిస్క్ మీదికి నొక్కుతుంది. ఆ రాపిడికి ఇంకా వేడి, ఆ వేడికి ఇంకా ఒత్తిడి. మనిషిలో కోపం పెరిగే పద్ధతి కూడా ఇదే అనుకుంటాను. బండి ఓ గంట ఆగి చల్లబడితే ఆయిల్ కుదించుకుపోతుంది, చక్రాలు వదిలేస్తాయి. సరిగ్గా అప్పుడే టోయింగ్ బండి వస్తుంది.

ఇక్కడిదాకా మర్యాదగానే రాశాను. ఈ ఒక్క ముక్కా మర్యాదగా రాయలేను. ఆ వేడి అలాగే పెరిగితే ఏమవుతుందో తెలుసా నీకు? డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అది గాల్లో తేమను పీల్చుకునే రకం. పాతబడి నీరు చేరితే 155కే మరగొచ్చు. మరిగిందంటే పైపులో ఆవిరి బుడగలు, పెడల్ నేలదాకా మెత్తగా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. వదలాల్సినప్పుడు పట్టుకుని కూర్చుని, పట్టుకోవాల్సినప్పుడు వదిలేస్తావా? వెనక సీట్లో పిల్లలుంటారే! వాళ్ళ మొహం చూసైనా సిగ్గు లేదా?

సరే. మంచినీళ్ళు తాగి వచ్చాను. మళ్ళీ 'తమరు'.

నిన్న రాత్రి ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. మెకానిక్ పని మానేసి చాలాకాలమైంది ఆయన. కథంతా విని అన్నాడు: "షెడ్డుకు తీసుకెళ్ళకు బాబూ. అక్కడికి చేరేసరికి అది మంచిదైపోతుంది. పట్టేసినప్పుడే, పట్టేసిన చోటే చూడాలి. రెండు పానాలు, ఒక జాకీ దగ్గర పెట్టుకుని తిరుగు." ఏం చేయాలో వరసగా చెప్పాడు. నేను కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నాను.

అలా ఈ పొద్దున్న తమరి కోసమే బయల్దేరాను. జీవితంలో మొదటిసారి బండి ఎప్పుడు ఆగిపోతుందా అని ఎదురుచూస్తూ నడిపాను. 14 కిలోమీటర్లకు కరుణించారు. చదునైన చోట ఆపి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, ఎడమవైపు ముందు చక్రం జాకీ మీద లేపాను. రెండు చేతులతో తిప్పినా తిరగలేదు. కాలిపర్ వెనక ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్ ఉంటుంది కదా, దానికి గుడ్డ అడ్డం పెట్టి, పానాతో పావు చుట్టు వదులు చేశాను. చుర్రుమని ఆయిల్ ధార గుడ్డను తడిపేసింది. చక్రం దానంతటదే తిరిగినంత పని చేసింది.

అంటే లోపల ఒత్తిడి ఇరుక్కుపోయింది. కాలిపర్ బిగుసుకుపోయి ఉంటే నిపుల్ విప్పినా చక్రం వదిలేది కాదు. నిష్కారణంగా పీకి పారేసిన పాత కాలిపర్లకు ఈ ఉత్తరం ద్వారా క్షమాపణలు. ఇక మిగిలింది కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ పైపో, పైనున్న మాస్టర్ సిలిండరో. హోస్ లోపలి పొర ఊడితే ఆయిల్‌ని వెళ్ళనిచ్చి వెనక్కి రానివ్వదు, కానీ రెండు వైపులా ఒకేసారి ఊడుతుందా?

నిపుల్ బిగించి, డబ్బాలో ఆయిల్ చూసుకుని మళ్ళీ నడిపాను. మళ్ళీ పట్టేశారు. ఈసారి చక్రం జోలికే పోలేదు. బానెట్ ఎత్తి, మాస్టర్ సిలిండర్‌ని, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కి బిగించిన రెండు నట్లు రెండేసి చుట్లు వదులు చేశాను. సిలిండర్ గోరు మందం ముందుకు జరిగింది. కింద 'టక్' మంది. ఒక్క చుక్క ఆయిల్ కారలేదు. బండి వదిలేసింది.

దొరికిపోయారు.

నట్లు మళ్ళీ బిగించి, చల్లబడేదాకా కూర్చుని ఆలోచిస్తే అంతా గుర్తొచ్చింది. రెండు నెలల కిందట బూస్టర్ మార్పించాను. పాతదాని పుష్ రాడ్ (మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని నెట్టే కడ్డీ) పొడవుతో కొత్తదాన్ని కొలిచి చూడాలి. చూడలేదు. అది కాస్త పొడుగ్గా ఉండి పిస్టన్‌ని పూర్తిగా వెనక్కి రానివ్వకుండా నెట్టిపట్టుకుంది. బిగించినాయన దగ్గరికెళ్ళి చెబితే "దానికీ దీనికీ సంబంధం ఉండదు సార్" అన్నాడు. తర్వాత రాడ్ కొలిచి కాసేపు మాట్లాడలేదు. దాని చివరి స్క్రూ అర చుట్టు తిప్పాడు. అర చుట్టు! అక్కడ తప్ప బండి మొత్తం మార్చుకుంటూ వచ్చాం.

సాయంత్రం 40 కిలోమీటర్లు తిప్పాను. పెడల్ మొదట కొంచెం ఉత్తినే దిగి, అప్పుడు పట్టుకుంటోంది. ఆ ఉత్తి దిగడం ఎంత హాయిగా ఉందో! తిరిగొస్తుంటే వీధి మలుపులో ఒక కుక్కపిల్ల అడ్డం వచ్చింది. గీసిన గీత మీద ఆపారు. కాలు తీయగానే వదిలేశారు కూడా. అది తోక ఊపి వెళ్ళిపోయింది. తమరి మీద ఉన్న కోపంలో ఓ పావువంతు అక్కడే పోయింది. మిగతా ముప్పావు వంతు భద్రంగా ఉంది.

ఇట్లు,
ఆగిన ప్రతిచోటా దిగి, చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంటున్న
తమరి ఓనరు

తా.క.: పానాలు సీటు కిందే ఉన్నాయి.