కంప్యూటర్ ల్యాబ్‌లో ఆటకు ఒక పీరియడ్

మన ప్రవాస తెలుగు సంఘాల తరఫున, పూర్వ విద్యార్థుల గ్రూపుల తరఫున హైదరాబాద్ ప్రభుత్వ బడులకు ఏటా కంప్యూటర్లు ఇస్తూనే ఉన్నాం. 2022లో తెలంగాణ ప్రభుత్వం ‘మన ఊరు - మన బడి’ మొదలుపెట్టింది. నగరంలో దాన్నే ‘మన బస్తీ - మన బడి’ అన్నారు. ప్రవాసులను కూడా చేయి కలపమని అడిగారు, చాలామంది కలిపారు. అయితే ఇచ్చిన కంప్యూటర్ల మీద పిల్లలు ఏం చేస్తున్నారో మనం పెద్దగా అడగలేదు. నేను చూసిన బడుల్లో వర్డ్‌లో పేరు టైపు చేయిస్తారు, పెయింట్‌లో ఇల్లు గీయిస్తారు, మళ్లీ గుడ్డ కప్పేస్తారు. ఆ ల్యాబుల్లో పిల్లల్ని వీడియో గేమ్‌లు ఆడనివ్వాలన్నది నా అభిప్రాయం. దొంగచాటుగా కాదు, టైమ్‌టేబుల్‌లో పెట్టి, టీచర్ పక్కన ఉండగా, వారానికి ఒక పీరియడ్.

ఈ మాట అన్నప్పుడు కూకట్‌పల్లిలో ఉండే మా అక్క గట్టిగా కోప్పడింది. ‘‘ఇంట్ల ఫోన్ గుంజుకోలేక చస్తున్నం తమ్మీ, ఇగ బళ్లె గూడ ఆడిపిస్తవా?’’ అంది. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. వీడియో గేమ్‌ల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాది పాటు ఇవి కనిపిస్తేనే ఆ మాట వాడతారు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలు ఇంకో పీడ. తెలంగాణ 2017లోనే వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అయితే ఆ చట్టమే డబ్బుతో పనిలేని ఆటలను విడదీసి, వాటిని ప్రోత్సహించాలని కూడా చెప్పింది. మన ఇళ్లలో మాత్రం ఇంకా అన్నిటినీ ఒకే గాటన కడుతున్నాం.

పిల్లవాడు చెడేది తలుపేసుకుని, ఒంటరిగా, రాత్రి పన్నెండు దాటాక ఆడే ఆటతో. అక్కడ ఏ ఆట ఆడాలో కంపెనీ చెబుతుంది, ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పరు. బడిలో ఆట ఎంచేది టీచర్, ఆపేది గంట. పక్క కుర్చీలో ఇంకో పిల్లో పిల్లాడో ఉంటారు. ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనబడుతుంది.

పోయినసారి వెళ్లినప్పుడు నగరంలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో కాసేపు కూర్చున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలు మైన్‌క్రాఫ్ట్‌లో, అంటే గడుల్లాంటి దిమ్మెలు పేర్చి ఏదైనా కట్టుకునే వీడియో గేమ్‌లో, నది ఒడ్డున ఊరు కడుతున్నారు. ఆ ఆటలో నీళ్లు చదును నేల మీద 7 గడుల దాకా పారతాయి. వీళ్లు 4 గడుల దూరంలోనే ఇళ్లు కట్టేశారు, మధ్యలో ఒక చిన్న కట్ట. సోషల్ టీచర్ వెనక నుంచి వచ్చి, ‘‘ఆ కట్టల రెండు గడులు తీయిరా’’ అన్నారు. తీశాడు. నీళ్లు బడిలోకి, గుడిలోకి, వాళ్లు ఎంతో ఇష్టంగా కట్టుకున్న మిర్చి బజ్జీల కొట్టులోకి వచ్చేశాయి. ‘‘మా బస్తీల గిట్లనే వస్తయ్ సార్’’ అన్నాడు ఒకడు. అప్పుడు ఆయన 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద గురించి చెప్పారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారంటారే, ఆ కథ కూడా చెప్పారు. ఆ తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, వరదను ఆపడానికి నగరానికి ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి కావడం. పిల్లలు మళ్లీ మౌస్ పట్టుకుని, ఊరికి ఎగువన చెరువు ఎక్కడ తవ్వాలో గొడవపడసాగారు. పాఠ్యపుస్తకంలో ఇదే విషయాన్ని నేను బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను, చెరువు ఎగువనే ఎందుకుండాలని ఒక్కసారి కూడా అడగలేదు.

అదే ఆటలో రెడ్‌స్టోన్ అని ఒకటుంది, కరెంటు తీగలాంటిది. దాని సంకేతం 15 గడులు పోయి ఆగిపోతుంది, ముందుకు పోవాలంటే మధ్యలో సంకేతాన్ని మళ్లీ బలపరిచే రిపీటర్ పెట్టాలి. రెడ్‌స్టోన్ టార్చ్ వచ్చిన సంకేతాన్ని తిప్పేస్తుంది: వస్తే ఆరుతుంది, రాకపోతే వెలుగుతుంది. ఇంజనీరింగ్‌లో మేం చదివిన నాట్ గేట్ అనే సర్క్యూట్ చేసే పని అదే. ఒక అమ్మాయి దానితో తలుపు తయారుచేసి, పది నిమిషాలు తెరిచి మూసి చూసుకుంది. వాళ్లింట్లో ఒకటే ఫోన్ ఉందట, అది అన్న దగ్గరుంటుందట. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వైపు గేమింగ్ సెంటర్లలోకి తొంగిచూడండి, అందరూ మగపిల్లలే. ఆడపిల్ల చేతికి కీబోర్డు హక్కుగా వచ్చే చోటు బడి ఒక్కటే. ఈ ఒక్క కారణం చాలు నాకు.

ఈ-స్పోర్ట్స్‌లో, అంటే వీడియో గేమ్ పోటీల్లో పతకాలొస్తాయి, గేమింగ్ కంపెనీల్లో కొలువులొస్తాయి అనే వాదన నేను చేయను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వీడియో గేమ్‌లకు పతకాలిచ్చిన మాట నిజమే. కానీ పిల్లలు చేసే ప్రతి పనినీ రేపటి జీతంతో తూచే అలవాటు మన తెలుగువాళ్లకు ఇప్పటికే ఎక్కువైంది.

వీడియో గేమ్ పీరియడ్ పేరుతో గ్రౌండు పీరియడ్‌ను మింగితే మాత్రం ఒప్పుకోకూడదు. విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, అపార్ట్‌మెంటు అంతస్తుల్లో నడిచే ప్రైవేటు బడులకూ అది వర్తిస్తుంది. ఫోన్లు సంచీలో కూడా ఉండకూడదు. ఆటలో కొనుగోళ్లు, ప్రకటనలు, ముక్కూమొహం తెలియనివాళ్లతో చాటింగ్ ఉంటే అది బడికి పనికిరాదు. మైన్‌క్రాఫ్ట్ లైసెన్సుకు డబ్బు లేకపోతే అలాంటిదే ‘లువాంటి’ (Luanti) ఉంది, పాత పేరు మైన్‌టెస్ట్. ఉచితం, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. పిల్లలు సొంతంగా ఆట తయారుచేసుకోవాలంటే స్క్రాచ్ ఉంది, అదీ ఉచితమే.

అన్నిటికన్నా ముందు టీచర్లు కావాలి. నేను చూసిన ఆ సోషల్ సారు సెలవుల్లో తన కొడుకు దగ్గర ఆట నేర్చుకుని వచ్చారు. అందరికీ అంత తీరిక ఉండదు. మనం ఇరవై కంప్యూటర్లు ఇవ్వాలనుకుంటే పదిహేనే ఇద్దాం. మిగిలిన డబ్బుతో ఆ బడి టీచర్లకు వేసవిలో వారం రోజులు కూర్చుని ఆడే వీలు కల్పిద్దాం, ఆ రోజులకు భత్యం కూడా ఇద్దాం. వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను ఈ ప్రతిపాదన పెడుతున్నాను. హైదరాబాద్‌లో మీరు చదివిన బడి పేరు పంపితే దాన్నీ జాబితాలో చేర్చుకుంటాం.