ఐస్ హాకీ షాట్ వేగం కండల్లో ఉందా?

కెనడా, అమెరికాల్లో పిల్లలకు ఐస్ హాకీ నేర్పిస్తున్న తల్లిదండ్రుల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. షాట్ వేగానికి చేతుల బలమే మూలమట. స్టిక్ ఎంత బిరుసుగా ఉంటే పక్ (మంచు మీద జారే గట్టి రబ్బరు బిళ్ల) అంత వేగంగా పోతుందట. స్టిక్ ముందుగా మంచును తాకితే శక్తి వృథా అట. రుజువుగా షాట్ వేగంలో రికార్డు నెలకొల్పిన ఆటగాడు జ్డెనో చారా పేరు చెబుతున్నారు. వీటిలో ఒక్కటీ నిలబడదు. పైగా ఈ మాట నమ్మితే నష్టపోయేది పిల్లలే.

మంచును తాకడం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే కీలకమంతా అక్కడే ఉంది. స్టిక్‌ను వెనక్కెత్తి బలంగా కొట్టే స్లాప్ షాట్ వీడియోను బాగా నెమ్మదింపజేసి చూడండి. స్టిక్ కింది చివరనుండే పలక, అంటే బ్లేడు, నేరుగా పక్ మీదికి రాదు. దానికి జానెడు వెనుకే మంచును తాకుతుంది. కింది చేయి కర్రను ముందుకు తోస్తూనే ఉంటుంది, బ్లేడును మాత్రం మంచు నిలువరిస్తుంది. దాంతో కర్ర విల్లులా వంగుతుంది. ఆ వంపులో నిలవైన శక్తి, కర్ర తిరిగి నిటారయ్యేటప్పుడు పక్‌కు చేరుతుంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో మేటి ఆటగాళ్ల బ్లేడు పక్‌ను అంటిపెట్టుకున్న సమయం సుమారు 38 మిల్లీసెకన్లు, సరదాగా ఆడేవారిది సుమారు 27. అంటే గట్టిగా కొట్టేవాడి కంటే ఎక్కువసేపు తోసేవాడిదే పైచేయి. మంచును తాకడం వృథా అనేవారు షాట్‌కు ప్రాణమైన ఘట్టాన్నే తీసేయమంటున్నారు.

ఇక చేతుల బలం. పక్ బరువు 156 నుంచి 170 గ్రాములే. కష్టమంతా కర్రను వంచడంలో ఉంది, దానికి ఒంటి బరువు మొత్తం కావాలి. జారిపోయే మంచు మీద స్కేటు అంచు దిగబడితేనే కాలికి ఊతం దొరుకుతుంది. అక్కడి నుంచి బరువు వెనుక కాలి మీద నుంచి ముందు కాలికి మారుతుంది, నడుము తిరుగుతుంది, మొండెం, భుజాలు, చేతులు వరుసగా అందుకుంటాయి, మణికట్టు చివరిది. బలం అక్కర్లేదని నేననడం లేదు. అదే మెక్‌గిల్‌లో 2003 నాటి మరో అధ్యయనం పక్ వేగం మీద నైపుణ్యం, శరీర బలం రెండూ ప్రభావం చూపాయనీ, స్టిక్ రకం చూపలేదనీ తేల్చింది. నేర్పరులు చేతులు పట్టుకునే చోటు మార్చి కర్రను ఎక్కువగా వంచగలిగారు. ఈ మెళకువను వదిలేసి పిల్లాడి చేత కండలు పెంచే కసరత్తులు చేయించడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

బిరుసు స్టిక్ మాట మరీ హానికరం. స్టిక్ మీద ఉండే ఫ్లెక్స్ అంకె, కర్రను ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో చెబుతుంది. 100 అని ఉంటే దాదాపు 45 కిలోలు. 30 కిలోల పిల్లాడు దాన్ని ఎలా వంచుతాడు? వంగని కర్ర శక్తిని నిలవ చేయదు. పిల్లాడు పక్‌ను బాదుతాడు, మణికట్టు నొప్పి అంటాడు. పెద్దల స్టిక్‌ను పొట్టిగా కోసి ఇవ్వడం ఇంకా తప్పు, ఎందుకంటే కోసిన కొద్దీ కర్ర మరింత బిరుసవుతుంది.

చారా రికార్డు నిజమే. 2012లో ఒట్టావాలో ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ జరిపిన ఆల్ స్టార్ నైపుణ్య పోటీల్లో ఆయన షాట్ గంటకు 175.1 కిలోమీటర్లు నమోదైంది. అయితే ఆయన ఎత్తు 206 సెంటీమీటర్లు, బరువు 110 కిలోలకు పైనే. బాగా బిరుసైన కర్రనైనా వంచగల ఒళ్లు ఆయనది. పైగా అక్కడ పక్ కదలకుండా ఉంది, అడ్డుపడే ప్రత్యర్థి లేడు. ఆటలో చెయ్యెత్తి స్లాప్ షాట్ కొట్టేలోగా గోల్‌కీపర్ సర్దుకుంటాడు. అందుకే వేగం తక్కువైనా, స్టిక్‌ను పైకెత్తకుండా మణికట్టు తిప్పి విసిరే రిస్ట్ షాట్‌తో గోల్స్ పడుతుంటాయి. ఈ షాట్‌లో పక్ బ్లేడు మడమ (కర్రకు అతికే వైపు) నుంచి కొస వరకు దొర్లుతూ పోతుంది కాబట్టి గిర్రున తిరుగుతూ గాల్లో ఊగకుండా వెళ్తుంది.

కొనే ముందు దుకాణంలోనే చూసుకోండి. పిల్లాడిని షాట్ కొట్టే భంగిమలో నిలబెట్టి, బ్లేడును నేలకు ఆనించి, కింది చేత్తో కర్రను బలంగా నొక్కమనండి. కర్ర కంటికి కనిపించేలా వంగకపోతే తక్కువ ఫ్లెక్స్ అంకె ఉన్నది అడగండి.